బోనాల నాడు రాసిన రిపోర్టు

ముందుగా నా తెలివితక్కువతనం సంగతి చెప్పేస్తాను. ఎలాగూ రెండో పేజీలో బయటపడేదే కాబట్టి నా అంతట నేను చెప్పుకుంటే కాస్త మర్యాదగా ఉంటుంది. ఒక ఇంటికి వెళ్లి, వాళ్లు పెట్టిన మటన్ కూర రెండుసార్లు వడ్డించుకుని తిని, చేయి కడుక్కుని, ఆ ఇంటివాళ్లు పేదవాళ్లు కారని రిపోర్టు రాసినవాణ్ణి నేను.

ఆ ఇల్లు లాల్‌దర్వాజాలో ఉంది. ఆ రోజు బోనాల ఆదివారం.

నా ఉద్యోగం ఏమిటో కూడా చెప్పాలి. చదువుకునే వయసు దాటి, పిల్లాజెల్లా ఉండి, చాలీచాలని సంపాదనతో బతుకుతున్న పెద్దవాళ్లు ఏదైనా చేతిపని నేర్చుకుంటామంటే సర్కారు సాయం చేస్తుంది. ఆరు నెలల శిక్షణ, నెలనెలా స్టైపెండు, చివర సర్టిఫికెట్టు, ఒక పనిముట్ల పెట్టె. దరఖాస్తు పెట్టినవాళ్ల ఇంటికి వెళ్లి, నిజంగా లేనివాళ్లేనా అని చూసి రావడం నా పని. దీన్ని క్షేత్రస్థాయి తనిఖీ అంటారు. నా పేరు మీద గజం పొలం లేకపోయినా పాతబస్తీలో ఇరవై ఏళ్లకు పైగా క్షేత్రాధికారిగా చెలామణీ అయ్యాను.

ఇప్పుడు రిటైరయ్యాను. ఈ మధ్య ఇదే కుర్చీలోకి వచ్చిన ముగ్గురు కొత్త పిల్లలు ఇంటికి వచ్చి, "అనుభవాలు ఏమైనా రాసి ఇవ్వండి సార్" అని అడిగారు. ప్రమోషన్లు రమ్మన్నా రావు, ఫైళ్లు వద్దన్నా ఆగవు. కాబట్టి ఆ రెంటి గురించీ రాయను. నాకు ఉద్యోగం నేర్పిన ఒక్క దరఖాస్తు గురించి రాస్తాను.

చెప్పుల దగ్గర విడిచిన డ్యూటీ

ఆ ఏడాది తనిఖీ రిపోర్టులన్నీ బుధవారంలోగా ఇవ్వాలన్నారు. లాల్‌దర్వాజాలో ఒకే గల్లీలో పదకొండు ఇళ్లు మిగిలాయి. సోమవారం ఊరేగింపు, సెలవు. ఆదివారమే కానిచ్చేస్తే, పండుగనాడు కూడా పనిచేసే మనిషి అని నలుగురూ అనుకుంటారని నా ఆశ. నలుగురి సంగతేమో గాని ఇంట్లో ఒక్కరు మాత్రం గట్టిగానే అనుకున్నారు.

"ఏందయ్యా, బోనాల నాడు ఆఫీసేంది? అమ్మవారి కన్న మీ ఆఫీసర్ పెద్దగైండా?" అంది నా భార్య సులోచన.

"నువ్వు బోనం ఎత్తేటాలకు వస్త తియ్యి" అని ఛత్రినాకలోని మా ఇంటి నుంచి నడుచుకుంటూ బయలుదేరాను.

అనసూయ ఇల్లు ఆ గల్లీలో నాలుగోది. రెండు గదుల కిరాయి ఇల్లు. గోడలకు తాజా సున్నం, గడపకు పసుపు, పైన వేపమండలు. లోపల పట్టుచీరలు, మల్లెపూలు, అల్లుళ్లు, పిల్లలు. గల్లీ చివర డప్పులు. అనసూయకు ముప్ఫై తొమ్మిదేళ్లు. ఆకుపచ్చ పట్టుచీర, మెడలో హారం. మోటార్ వైండింగ్, అంటే కాలిపోయిన మోటారుకు కొత్త రాగితీగ చుట్టి మళ్లీ తిరిగేలా చేసే పని, నేర్చుకుంటానని దరఖాస్తు పెట్టింది. భర్త కిష్టయ్య ఆటో నడుపుతాడు.

వాకిట్లో పీట మీద కూర్చున్న అత్తగారు కళ్లకు చేయి అడ్డం పెట్టుకుని చూసింది.

"ఎవరొచ్చిండ్రే అనసూయా?"

"మోటార్ వైండింగ్ సారు, అత్తమ్మా. ఇల్లు చూడనీకి వచ్చిండు."

"ఇల్లు చూసి అన్నం చూడకుంట పోతడా? కూసో బిడ్డా."

"వద్దవ్వా, డ్యూటీల ఉన్న" అన్నాను.

"డ్యూటీ ఏడికి పోతది? చెప్పుల కాడ ఇడువు. పోయేటప్పుడు ఏసుకపో."

ఆ అవ్వ మాట తీసెయ్యలేక డ్యూటీని చెప్పుల దగ్గరే విడిచాను. పోయేటప్పుడు చెప్పులు మాత్రం గుర్తుపెట్టుకుని వేసుకున్నాను.

తింటూనే చుట్టూ చూశాను. మూలన ఒక పాత చీర కప్పి ఏవో సామాన్లున్నాయి. కొంగు తొలగిన చోట నుంచి ఫ్యాన్లు, కూలర్లు, నీటి మోటార్లు కనిపించాయి. వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. మిగిలిన ఇళ్లూ చూసి సాయంత్రం ఇంటికొచ్చి, సులోచన బోనం ఎత్తాక, కూర్చుని చక్కటి దస్తూరీతో రాశాను: "ఇంటికి కొత్తగా సున్నం వేయబడినది. దరఖాస్తుదారు బంగారు హారము ధరించి యున్నది. నాలుగు ఫ్యాన్లు, రెండు కూలర్లు, రెండు నీటి మోటార్లు గలవు. కుటుంబము స్థితిమంతులుగా కనిపించుచున్నది. సాయమునకు అర్హులు కారు."

ఇంట్లో ఎప్పుడూ వాడని ఆ 'గలవు', 'యున్నది' రాస్తుంటే ఎంత గొప్పగా అనిపించిందో చెప్పలేను. మనం వాడని భాషలో రాసేటప్పుడు మనం చూడనివి కూడా రాసేస్తాం. ఇది అప్పటికి నాకు తెలియదు.

ఒక్కటన్న స్విచ్చేసి చూసిండ్రా?

గురువారం నోటీసు బోర్డు మీద జాబితా అంటించారు. శుక్రవారం పొద్దున అనసూయ ఆఫీసుకు వచ్చింది. ముందు గుర్తుపట్టలేదు. వెలిసిన చీర, మెడలో నల్లపూసలు. వేళ్ల కొనలు నల్లగా, సన్నటి కోతలతో ఉన్నాయి.

"సారూ, బోర్డు మీద నా పేరు లేదు."

"లేదమ్మా. వచ్చే ఏడాది మళ్ల పెట్టుకో."

"వచ్చే ఏడాదికి నాకు నలభై దాటుతది. నలభై దాటినోళ్లను తీసుకోరని మీ కాయిదం మీదనే ఉన్నది గద?"

ఉంది. ఆ కాగితాన్ని వందలసార్లు పంచిపెట్టింది నేనే. ఈసారి చేరకపోతే ఆమె ఇక ఎప్పటికీ చేరలేదు. బ్యాచ్ వచ్చే గురువారం మొదలవుతుంది.

"ఇప్పుడేం పని చేస్తున్నవమ్మా?" అని అడిగాను. ఈ ప్రశ్న వాళ్ల ఇంట్లో అడగాల్సింది. అప్పుడు నా నోరు వేరే పనిలో ఉంది.

"మొఘల్‌పురాల జబ్బార్ భాయ్ దుకాణంల చేస్త. కాలిన మోటార్ల తీగ గుంజి తీసేది నేను. ఒక్కో కాయిల్ల ఎన్ని చుట్లున్నయో లెక్కబెట్టి చెప్పేది నేను. కొత్త తీగ చుట్టేది మాత్రం ఆయన కొడుకులు. ఆరేండ్ల సంది విప్పుడే సారూ. చుట్టుడు నేర్పుతరని అప్లికేషన్ పెట్టిన."

"జబ్బార్ భాయే నేర్పొచ్చు గద?"

"ఆయనది తప్పు లేదు. 'సర్టిఫికెట్ లాలో బహెన్, కుర్సీ మై దేతూఁ' అంటడు. సర్టిఫికెట్ తెస్తే కుర్చీ ఇస్త అన్నడు. పని ఇడిచిపెట్టి ఆర్నెల్లు కూసోని నేర్చుకుంటే ఇల్లెట్ల నడుస్తది? మీరిచ్చే పైసలుంటే నడుస్తది."

ఇక్కడ ఒక్క మాట. అప్పటికి పన్నెండేళ్లుగా ఆ స్టైపెండుకు సిఫారసు చేస్తున్నాను. అదేదో శిక్షణకు వస్తే ఇచ్చే బహుమానం అనుకునేవాణ్ణి. అది ఆరు నెలల తీరిక అని, పేదవాళ్ల దగ్గర దొరకని సరుకు అదేనని, నాకు మొదట చెప్పింది అనసూయ.

"రిపోర్టుల ఏం రాసిండ్రు సారూ?" అని అడిగింది.

చెప్పాను. ఫ్యాన్లు, కూలర్లు, మోటార్లు. లెక్కతో సహా.

"గా మోటార్లు తిరుగుతున్నయా అని ఒక్కటన్న స్విచ్చేసి చూసిండ్రా?"

"లేదు."

"అన్నీ కాలినయే సారూ. జబ్బార్ భాయ్ పారేస్తుంటే అడుక్కొని తెచ్చుకున్న. రాత్రిపూట విప్పి, పాత తీగతోనే మళ్ల చుట్టి నేర్చుకుంటున్న. పండుగ అని చీర కప్పిన."

ఏడవలేదు, గట్టిగా మాట్లాడలేదు. జబ్బార్ భాయ్ గంటే పర్మిషన్ ఇచ్చాడని చెప్పి బస్సుకు వెళ్లిపోయింది. మటన్ మాట ఎత్తనేలేదు. ఎత్తి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

అయినా నా అహంకారం అంత త్వరగా దిగలేదు. మోటార్లు సరే, మరి హారం? పట్టుచీర? అని లోపల వాదించుకుంటూనే ఇంటికి వెళ్లాను. సులోచన ఒక హారాన్ని దూదిలో చుట్టి డబ్బాలో పెడుతోంది.

"పోయి అక్కకు ఇచ్చి రా. పండుగ అయ్యి ఐదు దినాలైంది, ఏమన్న అనుకుంటది."

"గది మనది కాదా?"

"పెండ్లైనప్పటి సంది ప్రతి బోనాలకు అక్క దగ్గరనే తెస్తున్న. నువ్వు ఇయ్యాల చూసినవా?" అని నవ్వింది. "ఆ దినం మనింటికి ఎవరన్న సర్కారోడు వచ్చి చూస్తే, వీళ్లకు జీతమెందుకని బంద్ చేస్తుండె."

నవ్వలేకపోయాను. అనసూయ సంగతి మొత్తం చెప్పాను. సులోచన డబ్బా మూత పెట్టడం ఆపింది.

"తిన్నవా వాళ్లింట్ల?"

"తిన్న."

"ఎన్నిసార్లు ఏసుకున్నవ్?"

"రెండు."

ఆమె డబ్బా మూత గట్టిగా నొక్కి నా చేతిలో పెట్టింది. ముప్ఫై ఏళ్ల కాపురంలో నాకు పడిన పెద్ద చీవాట్లు అవే.

సదానందం గారి పచ్చ సిరా

శనివారం పొద్దున మళ్లీ లాల్‌దర్వాజా వెళ్లాను. సున్నం కిష్టయ్య సొంతంగా వేసుకున్నది. పట్టుచీర ఆడబిడ్డది, హారమూ ఆడబిడ్డదే, రెండూ ఆమెతోనే వెళ్లిపోయాయి. మటన్ ఆడబిడ్డ భర్త తెచ్చింది. మూలన కప్పిన పాత చీర తీసి ఒక్కొక్క మోటారుకూ వైరు పెట్టి స్విచ్చు వేశాను. ఒకటి గుర్రుమంది, తిరగలేదు. మిగతావి ఆ పాటి కూడా అనలేదు.

"ఇయ్యాల కూర లేదు బిడ్డా. చాయ్ పెట్టాల్నా?" అంది అవ్వ.

"నీళ్లు చాలవ్వా" అన్నాను.

సోమవారం మా ఆఫీసర్ సదానందం గారి గదిలోకి వెళ్లాను. పేరులో ఉన్న ఆనందాన్ని ఆయన ముఖంలో ఎవరమూ చూసి ఎరగం. పచ్చ సిరా పెన్నుతో తప్ప రాయరు, ఆ పెన్ను ఎవరికీ ఇవ్వరు.

"సార్, లాల్‌దర్వాజా రిపోర్టుల ఒక చిన్న సవరణ..."

"రిపోర్టుల సవరణలుండవు రాజేశ్వర్."

"ఒక మనిషికి అన్యాయం అయితది సార్. రేపు జాబితా పైకి పోతే ఇంక ఆమెకు దారి లేదు."

"అన్యాయం ఎవరు చేసిండ్రు?"

"నేనే సార్."

ఆయన అప్పుడు తలెత్తారు. "అయితే రెండో రిపోర్టు పెట్టు. మొదటిది ఎందుకు తప్పో నీ చేతితోని రాయి. ఏ దినం పోయినవు, ఏం చూసినవు, ఏం చూడలేదు."

"భోజనం సంగతి గూడ రాయాల్నా సార్?"

"ఏం భోజనం?"

చెప్పకుండా ఉండి ఉంటే ఆయనకు ఎప్పటికీ తెలిసేది కాదు. నోరు జారింది అనలేను, దానికి ఆ రోజు వేరే గతి లేకపోయింది. మొత్తం చెప్పాను. ఆయన పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టి, "అది ముందు రాయి" అన్నారు.

రాశాను. ఈసారి 'గలవు' లేదు, 'యున్నది' లేదు. ఆ ఇంటి అవ్వకు చదివి వినిపిస్తే అర్థమయ్యే తెలుగులో రాశాను. సదానందం గారు రెండుసార్లు చదివి ఒకే మాట అన్నారు: "చూసింది రాయి. అనుకున్నది ఇంటికి తీసుకపో."

ఆ మధ్యాహ్నం రెండు కాగితాల మీద సంతకాలు చేశారు. మొదటిది అనసూయ మంజూరు. రెండోది నాకు మెమో. దరఖాస్తుదారు ఇంట భోజనం చేసినందుకు సంజాయిషీ ఇవ్వాలని, ఇకపై తనిఖీకి వెళ్లిన ఇంట మంచినీళ్లు తప్ప మరేమీ పుచ్చుకోరాదని అందులో ఉంది. రెంటి మీదా ఒకే పచ్చ సిరా. ఆఫీసులో దానికి మటన్ మెమో అని పేరు పెట్టి రిటైరయ్యేదాకా ఏడిపించారు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. నిజానికి నా సర్వీసులో దాచుకోదగ్గ కాగితం అదొక్కటే.

ఇంకా కొన్ని మాటలు

పిల్లలూ, అంత జరిగాక కూడా నేను తప్పులు చేశాను. ఒకసారి చిరిగిన చొక్కా చూసి జాలిపడి సిఫారసు చేసిన పెద్దమనిషికి పక్క వీధిలో కిరాయికి ఇచ్చిన మూడు షట్టర్ల దుకాణాలు ఉన్నాయని తర్వాత తెలిసింది. మేం వస్తున్నామని తెలిసి ఆ చొక్కా వేసుకున్నాడట. అనసూయేమో మేం వచ్చిననాడు పట్టుచీర కట్టుకుంది. ఒకరు లేనిది చూపించారు, ఒకరు ఉన్నది చూపించారు అని తేల్చడానికి లేదు. ఇద్దరూ లేనిదే చూపించారు. తేడా ఏమిటంటే ఆమె నాకోసం కట్టుకోలేదు, అమ్మవారి కోసం కట్టుకుంది. పేదవాళ్లకు ఏడాదికి ఒక్కరోజు పేదవాళ్లలా కనబడకుండా ఉండే హక్కు ఉంటుంది. ఆ రోజు మీరు తనిఖీకి వెళ్లకండి.

వెళ్లిన చోట చేతులు చూడండి. స్విచ్చు వేసి చూడండి. "ఏం పని చేస్తున్నావు" అన్న తర్వాత "అందులో నీకు చేయనివ్వని పని ఏది" అని అడగండి. ఆ రెండో ప్రశ్నకు వచ్చిన జవాబులోనే దరఖాస్తు ఉంటుంది. ఫారంలో దానికి గడి లేదు. పక్కన ఖాళీలో రాయండి, చదివే ఆఫీసర్లు అక్కడక్కడ ఉంటారు. నాకు ఒకరు దొరికారు.

అనసూయ ఆ గురువారమే శిక్షణలో చేరింది. తీగ పట్టుకున్న మొదటి వారంలోనే, కాలిన కాయిల్ చూసి చుట్లు చెప్పేస్తోందని అక్కడి మాస్టారు నాకు ఫోన్ చేసి మరీ చెప్పాడు. ఆర్నెల్ల తర్వాత సర్టిఫికెట్టు చూపిస్తే జబ్బార్ భాయ్ అన్న మాట ప్రకారం కుర్చీ ఇచ్చాడు. కొన్నేళ్లకు ఛత్రినాకలో ఆమె సొంత షట్టరు తీసిననాడు, మోటారు పరీక్షించే తన పాత బల్బు సెట్టు తెచ్చి ఆమె బల్ల మీద పెట్టి, "అబ్ తూ ఉస్తాద్" అన్నాడు, ఇక గురువువి నువ్వే అని. నేను అక్కడే ఉన్నాను. ఆ రోజు అందరితో పాటు మిర్చీబజ్జీలు తిన్నాను. అది తనిఖీ కాదు కదా.

గ్లాసెడు మంచినీళ్లు

ఈ ఎండాకాలం ఒక ఆదివారం పొద్దున సదానందం గారు ఫోన్ చేశారు. ఆయన నాకంటే ముందే రిటైరై సొంత ఇంట్లో ఉంటున్నారు.

"రాజేశ్వర్, బోరు మోటార్ కాలిపోయింది. మంచినీళ్ల క్యాన్ గూడ పొద్దుగాలనే అడుగంటింది. ఇంట్ల చుక్క లేదు. ఎవరన్న మంచి మెకానిక్ ఎరుకనా?"

ఎరుకే అన్నాను. ఆ మెమోను ఒకసారి మడత విప్పి చూసుకుని, జేబులో పెట్టుకుని బయలుదేరాను.

అనసూయ తన స్కూటీ మీద వచ్చింది. ముందు కాళ్ల దగ్గర మా పథకం పనిముట్ల పెట్టె. రంగు పోయి, మూతకు కొత్త గొళ్లెం పడింది. సదానందం గారు గేటు తీసి ఆమెను, పెట్టెను చూసి నావైపు తిరిగారు.

"ఎవరీమె?"

"నా రెండో రిపోర్టు సార్."

ఒక్క క్షణం పట్టింది. తర్వాత ఆయన గేటు రెండో తలుపు కూడా తెరిచారు.

అనసూయ మోటారు విప్పి, లోపల చూసి, వాసన చూసింది. "వైండింగ్ మొత్తం పోయింది సారూ. ఇంతకు ముందు చుట్టినోడు చుట్లు తక్కువ ఏసిండు, అందుకే కాలింది. రేపు పొద్దుమూకేటాలకు బిగిస్త" అంది. సదానందం గారు ఆమె చెప్పిందంతా ఆఫీసులో ఫైలు విన్నట్టు విన్నారు.

ఇంతలో మేడమ్ గారు లోపలి నుంచి పిలిచారు. పక్కింటి నుంచి తెచ్చిన నీళ్లతో పొద్దునే వంట అయిపోయిందట. ఆదివారం కదా, మటన్. గోంగూర వేసినట్టున్నారు, వాసన వరండా దాకా వచ్చింది.

"రావయ్యా, రెండు ముద్దలు తిని పో" అన్నారు సదానందం గారు.

"లేదు సార్" అన్నాను.

"ఎందుకు?"

"మోటార్ ఎట్లుందో చూడనీకి వచ్చిన. ఇది తనిఖీ కిందికే వస్తది సార్." జేబులోంచి మెమో తీసి బల్ల మీద పరిచాను. "మంచినీళ్లు తప్ప మరేమీ పుచ్చుకోరాదని మీ ఆర్డరు. మంచినీళ్లయితే తాగుత."

ఆయన కళ్లజోడు పెట్టుకుని ఆ కాగితాన్ని మొదటి నుంచి చివరిదాకా చదివారు. కింద తన సంతకం చూశారు. వంటింటి వైపు చూశారు. అక్కడ ఖాళీ క్యాను బోర్లించి ఉంది.

"కొంచెం సల్లగుంటే బాగుంటది సార్" అన్నాను.

సదానందం గారు లేచి, చెప్పులు వేసుకుని, స్టీలు గ్లాసు పట్టుకుని ఆ ఎండలో పక్కింటికి బయలుదేరారు. గేటు దాటేటప్పుడు ఆయన భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నారని నా నమ్మకం. కాని చూసిందే రాయమన్నారు, ముఖం అటువైపు ఉంది, చూడలేదు.

నేను వరండాలో గోంగూర వాసన పీలుస్తూ కూర్చున్నాను. మేడమ్ గారు పిలవగానే అనసూయ లోపలికి వెళ్లింది; కిటికీలోంచి ఇద్దరూ కనిపిస్తున్నారు, గరిటె చప్పుడు వినిపిస్తోంది. అనసూయ మీద ఏ మెమో లేదు. ఆమె అప్పటికే రెండోసారి వడ్డించుకుంటోంది.